ఎన్నారై సందేహాలు: ఏడడుగుల గట్టు, తొమ్మిది యంత్రాలు

"పిన్నిగారూ, మాది రాజోలు దగ్గర ఊరు. పెళ్లయి జెర్సీ సిటీ వచ్చి నాలుగు నెలలైంది. ఒక్క పడకగది ఫ్లాటు. వంటగట్టు మొత్తం ఏడడుగులు, సింకు పోను మిగిలింది నాలుగే. దాని మీద మైక్రోవేవ్, రైస్ కుక్కర్, ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్, ఎయిర్ ఫ్రయర్, టోస్టరు, కాఫీ మెషీను, కెటిల్, అమ్మ ఇచ్చిన మిక్సీ, అత్తగారు ఇచ్చిన గ్రైండరు ఉన్నాయి. కూరగాయలు మంచం మీద కూర్చుని తరుగుతున్నాను. ఏది ఎక్కడ సర్దుకోవాలి?"

అమ్మాయీ, నువ్వనే పిలుస్తాను, ఏమీ అనుకోకు. మీది వశిష్ఠ ఒడ్డు, మాది ముక్తేశ్వరం వైపు గౌతమి లంక. గోదావరి గట్టు మీద పెరిగినవాళ్లం ఇక్కడ ఏడడుగుల గట్టు కోసం దేవులాడుకోవడం మన రాత.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. అందులో తొమ్మిది యంత్రాల పేర్లున్నాయి. మనుషుల్లో అమ్మ, అత్తగారు తప్ప ఇంకెవరూ లేరు, వాళ్లిద్దరూ అక్కడున్నారు. మంచం మీద తరగడం నాకు పెద్ద కష్టంగా తోచలేదు. తరుగుతున్నప్పుడు ఎదురుగా ఎవరైనా ఉంటారా అని మాత్రం అనుకున్నాను. సరే, ముందు నువ్వు అడిగినదానికి వస్తాను.

1999 నవంబరులో నేను దిగినప్పుడు మనిషికి రెండు పెట్టెలు, ఒక్కొక్కటి 32 కిలోలు తెచ్చుకోనిచ్చేవారు. ఇప్పుడు చాలా విమానాల్లో 23కు దించారు, ఒకందుకు అదీ మంచిదే. నేను ఒక పెట్టెలో సగం బరువు గ్రైండరుకే ధారపోశాను. ఇడ్లీ పిండి లేకుండా అమెరికాలో ఎలా బతుకుతారని మా అత్తగారి బెంగ. తీరా వచ్చాక తెలిసింది, మనవైపు కరెంటు 230 వోల్టులైతే ఇక్కడ 120. మావారి స్నేహితులెవరో ట్రాన్స్‌ఫార్మరు కొనమన్నారు. ఇనపదిమ్మె లాంటి పెట్టె వచ్చింది. అది గట్టు మీద పట్టదని ఒక బల్ల కొన్నాం. బల్ల వేశాక ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. గోచీ కోసం పిల్లిని పెంచిన సన్యాసి కథ నా వంటింట్లో మొదలైంది.

ఇంతా చేసి మినప్పప్పు వేసి మీట నొక్కితే రాళ్లు పూనకం వచ్చినట్టు తిరిగాయి. పిండి గోడకు చిమ్మింది. ట్రాన్స్‌ఫార్మరు వోల్టులను పెంచుతుంది గాని కరెంటు సైకిళ్లను మార్చదు. మన దగ్గర సెకనుకు 50, ఇక్కడ 60. గ్రైండరు మోటారు ఆ లెక్కన ఐదో వంతు ఎక్కువ వేగంతో తిరుగుతుంది. ఇంత చిన్న ముక్క చెప్పేవాళ్లు నాకు లేరు. గోడ మీది పిండి గీకుతూ కూర్చున్నాను. ఆరోజు అమ్మకు ఫోను చేసి 'ఇడ్లీలు బాగా వచ్చాయి' అని చెప్పాను. ఫోను కార్డు మీద ఉన్న కొద్ది నిమిషాల్లో ఏడుపు ఎక్కడ పెట్టను? మీకైతే వీడియోలో రోజంతా అమ్మ కనిపిస్తుంది, అదృష్టవంతులు. కనిపించే అమ్మ వచ్చి గోడ తుడవలేదు, అది వేరే సంగతి.

అందుకని మొదట మిక్సీనీ గ్రైండరునీ తిరగేసి అడుగున అతికించిన చీటీ చూడు. 110 లేక 120 అని ఉంటే ఉంచుకో. 220 నుంచి 240 అని ఉంటే ట్రాన్స్‌ఫార్మరు జోలికి వెళ్లకు. 110 వోల్టుల మిక్సీ మీ దగ్గర న్యూఆర్క్ అవెన్యూలోనే దొరుకుతుంది, లేదా మా ఎడిసన్ వచ్చి ఓక్ ట్రీ రోడ్డులో కొనుక్కో. అత్తగారికి ఈ విషయం చెప్పాల్సిన అవసరం ఏమీ లేదు.

ఇక సర్దుడు. నాకు ఈ విద్య నేర్పింది మా అమ్మ, అదీ వరదలో. 1986 ఆగస్టు వరద గురించి మీ పెద్దవాళ్లను అడుగు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. నాకప్పుడు పన్నెండేళ్లు. నీళ్లు పెరట్లోకి వచ్చేసరికి అమ్మ వంటింటి సామానును మూడు వాటాలు చేసింది. పెళ్లికో సంక్రాంతికో దించే గుండిగలు, ఇత్తడి బిందెలు అటకెక్కాయి. కుంపటి, అగ్గిపెట్టె, బియ్యం డబ్బా, ఆవకాయ జాడీ, రెండు గిన్నెలు మంచం మీదికి చేరాయి. రుబ్బురోలు, తిరగలి ఉన్నచోటే ఉండిపోయాయి. నేను గోల పెడితే, "రోలుకేం, మునిగినా రోలే" అంది.

నీ గట్టు ఆ మంచం అనుకో. పది రోజులపాటు ఫ్రిజ్ తలుపుకు ఒక కాగితం అంటించి, ఏది వాడితే దాని పేరు పక్కన గీత గియ్యి. టోస్టరు పక్కన ఒక్క గీత పడితే గొప్ప. దోసెలు తినే ఇంట్లో దానితో పనేమిటి? డికాక్షన్ ఫిల్టరు ఉంటే కాఫీ మెషీను దండగ. ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్ అన్నం, పప్పు, సాంబారు అన్నీ చేస్తుంది. గిన్నె మీద గిన్నె పెడితే అన్నం, పప్పు ఒకేసారి అవుతాయి, మనం స్టౌ మీద చేసినట్టే. పెరుగు మీట ఉన్న రకమైతే చలికాలంలో పాలు తోడుకోవడం లేదన్న బాధ కూడా తప్పుతుంది. కాబట్టి రైస్ కుక్కరు అటకెక్కుతుంది. మీకు అటక లేదు, బట్టల అల్మరా పై అర ఉంటుంది కదా, అదే. అయితే అక్కడ తేలికైనవే పెట్టు. పనికొచ్చే గ్రైండరైతే నేల మీదే, చక్రాల పలక మీద ఉండాలి. పది కిలోల వస్తువును పై నుంచి దించబోయి నేను నడుము పట్టుకుని నాలుగు రోజులు పడుకున్నాను. గ్లాసెడు మజ్జిగ ఇచ్చే దిక్కు లేదు, మావారు రాత్రి ఎనిమిదికి గాని వచ్చేవారు కారు. దాన్ని శనివారం లాగి, వారానికి సరిపడా పిండి రుబ్బుకుని, మళ్లీ లోపలికి తోసెయ్యి.

మైక్రోవేవ్‌ను ఫ్రిజ్ మీదికి ఎక్కించమని నీకు ఎవరో ఒకరు చెబుతారు. వినకు. పొగలు కక్కే సాంబారు గిన్నెను తలకంటే ఎత్తు నుంచి దించడం సర్కసు. చక్రాల ఇనుప అరల బండి ఒకటి కొను. నడుము ఎత్తు అరలో మైక్రోవేవ్, కింద బియ్యం, పప్పుల డబ్బాలు. బియ్యం సింకు కింద పెట్టకు, చెమ్మ లాగుతుంది. ఎయిర్ ఫ్రయర్ ఉంచుకుంటే వెనుక వేడిగాలి పోవడానికి జాగా వదులు.

కుక్కరును మాత్రం పై అల్మరా కింద పెట్టి ఆవిరి వదలకు. గట్టుకూ పై అల్మరాకూ మధ్య ఇక్కడ మామూలుగా 18 అంగుళాలే ఉంటుంది. నేను రెండేళ్లు రైస్ కుక్కరును ఆ మూలనే పెట్టాను. అల్మరా అడుగు చెక్క ఉబ్బి అప్పడంలా లేచింది. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులో కోత పడింది. ఆవిరి వదిలే ముందు కుక్కరును గట్టు అంచుకు లాగు, అంతే.

ఓవెన్‌ను గిన్నెల బీరువాగా వాడుతున్నావని నాకు తెలుసు. నువ్వు రాయలేదు, అయినా తెలుసు. మనవాళ్లందరూ అదే చేస్తారు. నేనూ చేసి, ఒకనాడు కేకు సరదా పుట్టి, లోపల ప్లాస్టిక్ మూతలున్న సంగతి మరిచి వెలిగించాను. గిన్నెలు పెట్టుకో, తప్పులేదు. ప్లాస్టిక్ మాత్రం వద్దు, మీట మీద ఒక చీటీ అంటించు.

ఇంకొకటి, కెటిల్, మైక్రోవేవ్ ఒకేసారి ఆన్ చెయ్యకు. 20 ఆంపియర్ల లైను మీద 120 వోల్టులంటే 2400 వాట్లు. కెటిల్ 1500, మైక్రోవేవ్ మరో 1500 లాగితే లైను పడిపోతుంది. పాత ఇళ్లలో 15 ఆంపియర్లే ఉండవచ్చు. బ్రేకర్ పెట్టె ఎక్కడుందో మీ ఆయన్ను చూపించమను. నాకు చూపించేవారు లేక, ఇల్లంతా కాల్చేశానని ఒక మధ్యాహ్నమంతా కోటు వేసుకుని మెట్ల మీద కూర్చున్నాను. పొగ అలారం మూగబోయేలా చేయకూడదు, వేడి చేసే వస్తువులను ఎక్స్‌టెన్షన్ తీగకు తగిలించకూడదు. మిగతా నిబంధనలు అద్దె ఒప్పందంలో ఉంటాయి, చదువుకో. వీసా మీద పని చేయవచ్చా లేదా అన్నది మీ ఆయన కంపెనీ వకీలును అడుగు, నన్ను కాదు.

ఇప్పుడు అసలు సంగతి. వచ్చిన మూడు నెలలకు, మావారి రైలు వేళకు పచ్చడి అందించాలని తెల్లవారుజామున ఐదున్నరకు కొబ్బరి పచ్చడి రుబ్బుతున్నాను. ఆ పాత మిక్సీ చప్పుడు నీకు తెలుసుగా, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు దాకా వినిపిస్తుంది. తలుపు చప్పుడైంది. నా వాకిలికి వచ్చిన మొదటి మనిషి. కింది వాటాలో ఉండే పోలండు ముసలావిడ, నైట్‌గౌను మీద కోటు వేసుకుని ఫిర్యాదు చేయడానికి వచ్చింది. నాకు కోపం రాలేదు, సంతోషం పొంగింది. లోపలికి రమ్మన్నాను. పాపం వచ్చింది. వచ్చి నిలబడే ఉంది. ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీ మీద ట్రాన్స్‌ఫార్మరు కూర్చుని ఉంది.

ఆవిడ నా ఇంగ్లీషు అర్థమైనంత విని, తన ఇంగ్లీషులో తిట్టి వెళ్లిపోయింది. కాఫీ కలిపాను గాని తాగమనడానికి కూర్చోబెట్టే చోటు లేదు. నువ్వు చోటు చోటు అంటున్నావు కదా, ఆ చోటు దేనికో నాకు అప్పుడు తెలిసింది. ఆ మధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మరును మావారి బూట్ల పక్కన పడేశాను. బల్లను ఒక కుర్రాడికి ఇచ్చేశాను. కుర్చీ తుడిచి కిటికీ దగ్గర వేశాను. నాలుగు రోజుల తరువాత జంతికలు పట్టుకుని కిందికి వెళ్లాను. ఆవిడ మర్నాడు పైకి వచ్చి, మిక్సీని గోడకు దూరంగా జరిపించి, తువ్వాలు నాలుగు మడతలు పెట్టి దాని కింద వేసింది. చప్పుడు సగం తగ్గింది. ఇప్పటికీ నా మిక్సీ తువ్వాలు మీదే ఉంటుంది.

తరువాత ఆరేళ్లు ఆవిడ వారానికి రెండుసార్లు ఆ కుర్చీలో కూర్చుని నా చిక్కుళ్లు ఈనెలు తీసిపెట్టింది. గోంగూర ఆకు తుంచడం నేర్చుకుంది. మా పెద్దది పుట్టినప్పుడు అమ్మ వీసా అందక రాలేకపోతే, మొదటి పది రోజులు ఈవిడే సూపు కాచి తెచ్చింది. బాలింతకు దుంపల సూపు! మా అమ్మకు చెబితే ఫోనులోనే నెత్తి కొట్టుకుంది.

మా ఊళ్లో వంటింట్లో గట్టే లేదు. కత్తిపీట వేసుకుని ఒకరు, కొబ్బరి కోరుతూ ఒకరు, ఊరికే మోకాళ్లు పట్టుకుని కబుర్లకు ఇంకొకరు, అందరూ నేల మీదే. ఇక్కడ నిలబడి వండుతాం, అందుకే రెండో మనిషికి ఆసరా ఉండదు. మీ వయసువాళ్లకు ఇది పాతకాలపు చాదస్తంగా ఉంటుంది. మాకు ఫోన్లో స్నేహితులున్నారంటారు. ఉంటారు, ఎందుకుండరు. ఫోనులో ఉన్న స్నేహితురాలు చిక్కుడుకాయ ఈనె తీయదు.

కాబట్టి గట్టు మీద మిక్సీ, కుక్కరు, కెటిల్ మాత్రం ఉంచు. ఖాళీ అయిన జాగాలో మరో యంత్రం తెచ్చి పెట్టావంటే నాకు రాయవద్దు. తరిగే పలక గట్టు చివర, గుమ్మం వైపు పెట్టు, అటువైపు కూర్చున్న మనిషికి చేయి అందేలా. మీ అంతస్తులో మన గోదావరి పిల్ల ఎవరో ఒకరు ఉండే ఉంటారు, కిందికి వెళ్లి బట్టలు ఉతికే గదిలో శనివారం పొద్దున చూడు. నువ్వు తొమ్మిది యంత్రాలు లెక్కపెట్టావు, గట్టు పొడవు రాశావు. గుమ్మానికీ ఫ్రిజ్‌కీ మధ్య ఎంత ఖాళీ ఉందో రాయలేదు. టేపు పెట్టి కొలిచి రాయి. 18 అంగుళాలున్నా మడత స్టూలు పడుతుంది.