పేకాట మీద ప్రాజెక్టా అని నాన్న గొడవ చేస్తున్నారు, టాపిక్ మార్చేయాలా?

గాజువాక నుంచి ఒక ఎంబీఏ టూరిజం అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. విశాఖలో క్యాసినో వస్తే స్థానికులు ఏమంటారన్నది ప్రాజెక్టుగా తీసుకుందట, "జూదం మీద రాస్తే ఉద్యోగం ఎవడిస్తాడు" అని ఇంట్లో రోజూ రభస.

మార్చకమ్మా. ఊళ్లోకి కొత్త వ్యాపారం వస్తుంటే జనం నాడి పట్టుకోవడం ఒక విద్య, టూరిజం కన్సల్టెన్సీలకీ, సామాజిక ప్రభావ అంచనాలు రాసే సంస్థలకీ కావలసింది అదే. నాన్నగారికి ఇలా చెప్పి చూడు.

అయితే ఇప్పుడున్నట్టే చేస్తే మాత్రం తేలిపోతుంది. మన రాష్ట్రంలో జూదశాలలు నడపకూడదనే 1974 నాటి గేమింగ్ చట్టం ఉంది, లేని క్యాసినో గురించి ఆర్కే బీచ్‌లో నిలబడి "కావాలా, వద్దా" అంటే ఎవరైనా వద్దనే అంటారు, పక్కన తెలిసినవాళ్లుంటే మరీను! అందుకని నిజంగా జరిగినవాటితో మొదలుపెట్టు. గోవాలో మాండవి నది మీద ఓడల్లో క్యాసినోలు నడుస్తాయి, కానీ 2020 నుంచి గోవా వాళ్లు అక్కడ ఆడకూడదు. డబ్బు కావాలి, మన పిల్లలు మాత్రం ఆ గుమ్మం తొక్కకూడదు, ఈ మెలికలోనే నీ ప్రాజెక్టంతా ఉంది. 2022 జూన్‌లో చెన్నై నుంచి వచ్చిన కార్డీలియా అనే విహార ఓడ విశాఖలో ఆగింది, అందులో క్యాసినో ఉందన్న గొడవతో పుదుచ్చేరి మాత్రం రానివ్వలేదు. ఇక్కడ లేని అభ్యంతరం అక్కడ ఎందుకొచ్చింది? దీని మీద పని చెయ్యి.

పెద జలారిపేటలో చేపలమ్మే ఆవిడనీ, రుషికొండ ఆటో అతన్నీ, భీమిలి లాడ్జి ఓనర్‌నీ రెండే అడుగు: క్యాసినో వస్తే మీ బేరానికి లాభమా, మీ అబ్బాయి అందులో ముక్కలు పంచే డీలర్‌గా చేరతానంటే పంపిస్తారా? లాభం ఉన్నవాళ్లే టూరిజాన్ని సమర్థిస్తారని పుస్తకాల్లో సోషల్ ఎక్స్ఛేంజ్ థియరీ చదివే ఉంటావు, రెండో ప్రశ్న దగ్గర అది ఎంతవరకు నిలబడుతుందో నీకే తెలుస్తుంది. ప్రశ్నలు తెలుగులోనే రాసుకో, బేరాల హడావుడిలో వెళ్లకు, విసుక్కుంటారు. స్టాటిస్టిక్స్ తప్పించుకోకు, ఇంటర్వ్యూలో తవ్వేది అక్కడే.

పేరు మాత్రం "విశాఖ తీరంలో వినోద పర్యాటకం: స్థానికుల అభిప్రాయాలు" అని పెట్టు, రెజ్యూమెలో అది చూస్తే నాన్నగారికీ సగం టెన్షన్ పోతుంది, క్యాసినో సంగతి లోపల మూడో అధ్యాయంలో చూసుకోవచ్చు.