అమెరికా పీఓ (పర్చేజ్ ఆర్డర్) మీద "డీఓ-ఏ1" అని ఉంటే మన షాపు వాళ్లు ఏం చెయ్యాలి?

బాలానగర్‌లో మీ మెషిన్ షాపుకి అమెరికా కస్టమర్ పంపిన పీఓ మీద "డీఓ-ఏ1" రేటింగ్ (రక్షణ పని కాబట్టి ముందు చెయ్యమనే గుర్తు) ఉంది, ఒప్పుకోకపోతే కేసు పెడతారా అని అడిగారు. ఆ రేటింగ్ వెనకున్న అమెరికా చట్టం, డిఫెన్స్ ప్రొడక్షన్ యాక్ట్ కింద పెట్టలేరండి. అది అమెరికాలో ఉన్న కంపెనీలకే వర్తిస్తుంది. మీకు మీ కాంట్రాక్టే లెక్క.

నేను ఒహాయోలో హైడ్రాలిక్ పార్టుల కంపెనీలో పర్చేజింగ్ చూస్తాను. ఇలాంటి ఆర్డర్లు మాకు మామూలే. కొరియా యుద్ధం మొదలైన 1950లోనే ఈ యాక్ట్ తెచ్చారు. రక్షణ పని ఆర్డర్‌ని మిగతావాటికన్నా ముందు చెయ్యమనే అధికారం దాంతో ప్రభుత్వానికి వచ్చింది. ఏ1 అంటే విమానాలు, ఏ2 అంటే క్షిపణులు. డీఓ అనేది ప్రాధాన్యం మెట్టు, దానికి పైది డీఎక్స్. డీఓ అయితే 15, డీఎక్స్ అయితే 10 పనిదినాల్లో తీసుకుంటామో లేదో చెప్పెయ్యాలి. రక్షణ ఆర్డర్ కదా అని రేటు ఎక్కువ వెయ్యడానికీ వీల్లేదు.

రేటింగ్ చెల్లాలంటే ఆ గుర్తుతో పాటు కచ్చితమైన డెలివరీ తేదీ, సంతకం, రక్షణ అవసరానికేనని ధ్రువీకరించే వాక్యం ఉండాలి. ఒకసారి మాకొచ్చిన పీఓలో తేదీ గడిలో "ఏఎస్ఏపీ" (వీలైనంత త్వరగా) అని కొట్టారు. అది చెల్లదని తిప్పి పంపితే మధ్యాహ్నానికల్లా తేదీ వేసి పంపారు. ఆ తేదీకి అందించాలంటే ఒక పాల ఫ్యాక్టరీ వాల్వుల్ని వెనక్కి జరపక తప్పలేదు. వాళ్లేమో లేటు పెనాల్టీ అంటూ మెయిల్ పెట్టారు. మా లీగల్ వాళ్లు 707వ సెక్షన్ చూపించారు: ఈ చట్టం పాటించినందువల్ల వేరే కాంట్రాక్టు తప్పితే నష్టపరిహారం కట్టక్కర్లేదు. పెనాల్టీ పోయింది గానీ, వాళ్ల కోపాన్ని ఏ సెక్షనూ తగ్గించలేదు!

ఇక మీ సంగతి. చెయ్యగలిగిన తేదీయే ఇవ్వండి. ఇక్కడైతే అందుకోలేని తేదీకి రేటెడ్ ఆర్డర్ ఒప్పుకోవడమే నిషేధం, ఎప్పటికి ఇవ్వగలమో ఆ తేదీ చెప్పాలి. మీకు ఆ రూలు లేకపోయినా అదే మంచి పద్ధతి. ప్లేటింగ్, హీట్ ట్రీట్‌మెంట్ బయట చేయిస్తుంటే ఆ రోజులూ కలుపుకోండి.

ముడిసరుకు అమెరికా నుంచే తెప్పించుకోవాలంటే మీ పీఓ మీద మీరే రేటింగ్ రాసేసుకోకండి, కస్టమర్‌నే కదిలించండి. 2024 ఆగస్టులో భారత్, అమెరికా సరఫరా భద్రత ఒప్పందం చేసుకున్నాయి నిజమే. కానీ అది రక్షణ శాఖల స్థాయి వ్యవహారం, పైగా చట్టబద్ధంగా కట్టిపడేసేది కాదు. దాన్ని చూపిస్తే ఏ మిల్లూ మెటల్ ముందు ఇవ్వదు.

సంతకం పెట్టేముందు మాత్రం టర్మ్స్ చివరిదాకా చదవండి. "15 సీఎఫ్ఆర్ 700 (ఈ రేటింగుల అమెరికా నిబంధనలు) పాటిస్తాం" అనే క్లాజు అందులో ఉంటే, సంతకంతో దాన్ని మీరే నెత్తికెత్తుకున్నట్టు. తీసెయ్యమని అడగండి. కుదరదంటే లాయర్‌కి చూపించాకే ఒప్పుకోండి.