క్యాన్సర్ పటం గీయబోతున్న సుధకు

చిరంజీవి సుధకు,

ఆశీస్సులు. నీవు ఒక ప్రాంతంలోని క్యాన్సర్ కేసులన్నిటినీ నమోదు చేసే క్యాన్సర్ రిజిస్ట్రీలో చేరావని, మండలాల వారీగా క్యాన్సర్ పటం తయారు చేసే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలన్నది నీ మొదటి ప్రశ్న కనుక ఆ సంగతి ముందే చెప్పి పక్కన పెడతాను. పటాలకూ గణాంకాలకూ వాడే క్యూజీఐఎస్, జియోడా, ఆర్, శాట్‌స్కాన్ నాలుగూ ఉచితంగానే దొరుకుతాయి. భూగోళశాస్త్రం చదివినదానివి, కొద్ది నెలల్లో నీకు చేయి తిరుగుతుంది. దూరాలను మాత్రం అక్షాంశ రేఖాంశాల డిగ్రీలలో కొలవకు, భూమిని జోన్లుగా విభజించి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో కొలువు. మన రెండు రాష్ట్రాల్లో ఎక్కువ భాగం యూటీఎం 44వ జోన్‌లో ఉంటుంది గానీ, పడమట అనంతపురం 43లోకి, ఈశాన్యాన ఇచ్ఛాపురం 45లోకి పోతాయి. ఇది తప్ప సాఫ్ట్‌వేర్ గురించి నేను చెప్పవలసింది లేదు. అసలు కష్టం అంతా పటం గీయడానికి ముందూ, గీసిన తరువాతా ఉంటుంది.

పటం జబ్బుకు కారణం చెప్పదు, కారణం కోసం ఎక్కడికి వెళ్లి అడగాలో చెబుతుంది. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1950 నుంచి 1969 వరకు జరిగిన క్యాన్సర్ మరణాలను కౌంటీల, అంటే అక్కడి జిల్లాల వారీగా గుర్తించి 1975లో ఒక అట్లాసు ప్రచురించింది. ఆగ్నేయ రాష్ట్రాల్లో తెల్లజాతి స్త్రీలు నోటి క్యాన్సర్‌తో ఎక్కువగా చనిపోతున్నారని అందులో స్పష్టంగా కనిపించింది. అది చూసి పరిశోధకులు నార్త్ కరోలినాకు వెళ్లారు, రోగులనూ ఆరోగ్యవంతులనూ లేదా వారి బంధువులనూ కలిసి అలవాట్లు అడిగి తెలుసుకున్నారు. ఆ స్త్రీలు పొగాకు పొడిని చెంపకూ చిగురుకూ మధ్య పెట్టుకుంటారని, ఏళ్ల తరబడి అలా పెట్టుకున్నవారికి సరిగ్గా ఆ చోటే క్యాన్సర్ వచ్చే ముప్పు దాదాపు యాభై రెట్లు ఉందని 1981లో వెలువడిన ఆ అధ్యయనం తేల్చింది. అట్లాసుకూ ఆ ఫలితానికీ మధ్య ఆరేళ్ల పని ఉందని గమనించు.

ఇలాంటి ఉదాహరణకు నీవు సముద్రాలు దాటనక్కరలేదు. శ్రీకాకుళం జిల్లాలో చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉందని నీవు వినే ఉంటావు. 1960ల చివర టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోని దంత పరిశోధన బృందం దేశంలోని అయిదు జిల్లాల్లో యాభై వేల మందికి పైగా గ్రామస్థుల నోళ్లు పరీక్షించింది. వారిలో 10,169 మంది శ్రీకాకుళం వారు. వేరే జిల్లాల్లో చెంపలోనో నాలుక పక్కనో కనిపించే, క్యాన్సర్‌గా మారగల మచ్చలు ఇక్కడ అంగిలి మీద కనిపించాయి, అవీ ముఖ్యంగా అడ్డపొగ తాగేవారిలో, అందులోనూ స్త్రీలలో. ఇందులో నీ పనికి పనికివచ్చే సంగతులు రెండున్నాయి. మొదటిది, నోటి క్యాన్సర్లన్నీ కలిపి ఒకే రంగు వేసి ఉంటే శ్రీకాకుళం ప్రత్యేకత కనిపించేదే కాదు. అంగిలిని విడిగా లెక్కించడం వల్లనే కనిపించింది. నీ పటంలో కూడా శరీర భాగం కోడును వీలైనంత సూక్ష్మంగా ఉంచు. రెండవది, మన దగ్గర పొగాకు పంట పటం గీస్తే ప్రకాశం వైపు రంగు చిక్కబడుతుంది, అడ్డపొగ మాత్రం ఉత్తరాంధ్ర అలవాటు. పంట పండే చోటు, వాడే చోటు, జబ్బు వచ్చే చోటు ఒకటి కానక్కరలేదు. ఒక పటం మీద ఇంకొక పటం పరిచి, రంగులు కలిశాయి కనుక కారణం దొరికిందనుకునేవారు మన రంగంలో ఇప్పటికీ తక్కువేమీ లేరు.

రంగులు కలిసిన చోట కూడా తొందరపడకూడదనడానికి డెనిస్ బర్కిట్ కథ చాలు. ఉగాండాలో పనిచేస్తున్న ఈ సర్జన్ పిల్లల దవడలకు వచ్చే ఒక క్యాన్సర్ గడ్డ ఎక్కడెక్కడ ఉందో తెలుసుకోవడానికి 1961లో ఇద్దరు మిత్రులతో కలిసి పాత కారులో పది వేల మైళ్లు తిరిగి, దారిలోని ఆసుపత్రులన్నిటిలో వాకబు చేశాడు. వేడి, వాన ఎక్కువగా ఉండి ఎత్తు తక్కువగా ఉన్న నేలల వెంట ఆ గడ్డ ఒక పట్టీలా పరుచుకుని ఉంది. దోమలాంటి పురుగేదో వైరస్‌ను మోస్తోందని అప్పట్లో అనుమానించారు. 1964లో వైరస్ దొరికింది, కానీ అది దోమ మోసేది కాదు, లాలాజలం ద్వారా వ్యాపించేది. పటంలోని ఆ పట్టీకి కారణం ఆ వైరస్‌తో కలిసి పనిచేసే మలేరియా అని తరువాత అర్థమైంది. పటం చూపిన చోటు సరైనదే, దాన్ని చూసి చెప్పుకున్న కథే వేరు.

ఇక నీ బల్ల మీదికి వచ్చే కాగితాల సంగతి. కేస్ ఫారంలో చిరునామా గడి నీకు అన్నిటికంటే ముఖ్యమైనది, నింపేవారికి అన్నిటికంటే అలుసైనది. ‘రామాలయం వెనుక, కొత్తపల్లి’ అని మాత్రమే రాసి ఉంటుంది, కొత్తపల్లి పేరుతో మన రాష్ట్రాల్లో ఎన్ని ఊళ్లున్నాయో నీకు తెలుసు. మండలం రాయని కాగితాన్ని దగ్గరలో కనిపించిన కొత్తపల్లికి అంటగట్టకు, ఫోన్ చేసి అడిగించు. వైద్యం కోసం హైదరాబాదు వచ్చినవారు కూతురి ఇంటి చిరునామానో, అద్దె గది చిరునామానో ఇస్తారు. ఏడాదికి తక్కువ కాకుండా ఆ ప్రాంతంలో నివసించినవారినే అక్కడి వాసులుగా లెక్కించాలన్నది రిజిస్ట్రీల నియమం. ‘ఇక్కడ ఎన్నాళ్ల నుంచి ఉంటున్నారు, అంతకుముందు ఏ ఊరు’ అన్న ప్రశ్న అడగకపోతే నగరం రంగు అన్యాయంగా ముదురుతుంది, పల్లె రంగు వెలిసిపోతుంది. ఆ రెండవ సగాన్ని, అంటే పాత ఊరిని, తప్పకుండా రాయించు. గడ్డగా బయటపడే క్యాన్సర్లలో చాలావాటికి బీజం ఏళ్ల క్రితమే, కొన్నిటికి దశాబ్దాల క్రితమే పడి ఉంటుంది. ముప్పై ఏళ్లు సూరత్‌లో మగ్గం మీద పనిచేసి తిరిగి వచ్చిన మనిషి జబ్బుకు ఇప్పటి ఊరి నీళ్లను తప్పుపట్టడం తగదు. ఇంకొక మాట, ఒకే రోగి పేరు ఒక ఆసుపత్రిలో ఇంటిపేరుతో మొదలై, మరొక చోట ఇంటిపేరు చివర చేరి, మూడో చోట పొడి అక్షరంగా మిగులుతుంది. ముగ్గురిని ఒక్కరిగా గుర్తించే పనిని కంప్యూటర్‌కే వదిలేయకు. అనుమానం ఉన్న జంటలను కూర్చుని కళ్లతో చూడు.

రేటులో లవం, అంటే కేసుల లెక్క, ఇలా బాగుపడినా హారం, అంటే జనాభా లెక్క, నిన్ను ఏడిపిస్తుంది. నీకు అందుబాటులో ఉన్న పూర్తి జనాభా లెక్క 2011 నాటిది. ఆ తరువాత 2014లో పోలవరం ముంపు మండలాలు ఖమ్మం నుంచి ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, 2016 దసరా నాడు తెలంగాణలో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కు చేరాయి, 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. కొత్త మండలాలూ పుట్టాయి. కేసులు కొత్త హద్దుల ప్రకారం, జనాభా పాత హద్దుల ప్రకారం లెక్కిస్తే వచ్చేది రేటు కాదు, గందరగోళం. గ్రామాన్ని ప్రమాణంగా తీసుకుని, 2011 గ్రామ కోడులను నేటి మండలాలకు జతచేసే ఒక పట్టికను నీవే ముందు తయారు చేసుకో. విసుగు పుట్టించే పని, అయినా దాని మీద పెట్టిన కాలం వృథా పోదు. హైదరాబాదు శివార్లలో జనాభా ఎంత పెరిగిందో 2011 లెక్కను ఏటా ఒకే శాతంతో పెంచి ఊహించలేవు. ఓటర్ల జాబితాతోనో మరొక ఆధారంతోనో సరిచూసుకో, ఆ సంగతి పటం కిందే రాయి. వయసు సర్దుబాటు సంగతి నీకు పాఠంలోనే చెప్పారు కనుక విస్తరించను. పిల్లలంతా విదేశాలకు వెళ్లి పెద్దవాళ్లే మిగిలిన గోదావరి గ్రామాన్నీ, పాతికేళ్ల ఉద్యోగులతో నిండిన మాదాపూర్‌నూ వయసు తేడాలు సర్దని ముడి రేట్లతో పోల్చకూడదన్నదే అందులోని సారం.

చిన్న సంఖ్యల విషయంలో మాత్రం కాస్త ఆగుతాను, ఎందుకంటే భయాలు పుట్టేది అక్కడే. ఒక మండలంలో ఏడాదికి రెండు కేసులు రావచ్చని లెక్క చెబుతుండగా నాలుగు వచ్చాయనుకో. నిష్పత్తి రెండు, పటం మీద ఎర్రరంగు. కానీ ఏ కారణమూ లేకుండా కేవలం యాదృచ్ఛికంగానే నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రావడానికి నూటికి పద్నాలుగు పాళ్ల అవకాశం ఉంది. అటువంటి మండలాలు వంద ఉంటే సుమారు పద్నాలుగు ఊరికే ఎర్రబడతాయి, మరికొన్ని అంతే అకారణంగా తెల్లబడతాయి. అందుకే ఏడాది లెక్కతో మండల పటం గీయకు, కనీసం అయిదేళ్లు కలుపు. పక్క మండలాల సమాచారంతో రేటును నిలకడ చేసే పద్ధతులు వాడు, అయితే ‘పక్క’ అంటే ఏమిటో ముందు ఆలోచించుకో. మధ్యలో వంతెన లేని నది ఉన్న రెండు మండలాలు కాగితం మీద పొరుగువే, మనుషుల రాకపోకల్లో కాదు.

2025 మార్చిలో తూర్పు గోదావరి జిల్లా బలభద్రపురంలో క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయన్న ఆందోళనతో వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగి సర్వే చేశాయి. అటువంటి పిలుపు నీకూ ఏదో ఒకరోజు వస్తుంది. నిప్పులేనిదే పొగ రాదని ఊరివారంటారు. వారిని కసరకు, లెక్క చూపించు. 2022లో దేశంలో కొత్త క్యాన్సర్ కేసులు సుమారు 14.6 లక్షలని, అంటే లక్ష జనాభాకు ఏటా సుమారు వంద అని జాతీయ రిజిస్ట్రీ అంచనా. పది వేల జనాభా ఉన్న ఊరికి స్థూలంగా ఏటా పది, అయిదేళ్లకు యాభై. కనుక ఇంటింటికీ తిరిగితే పాతిక ముప్పై పేర్లు దొరకడం దానంతట అదే వింత కాదు. అన్నీ ఒకే రకం క్యాన్సర్లా, పడుచువారికి వస్తున్నాయా, ఒకే పని చేసేవారికి వస్తున్నాయా అని అడుగు. అవునన్న జవాబు వస్తే గట్టిగా పట్టుకో. కాదని తేలినా ఆ ఊళ్లో పరీక్షలు జరిపించు, ఎందుకంటే భయపడిన ఊరు పరీక్షకు వస్తుంది. అమెరికాలోని లాంగ్ ఐలండ్‌లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా ఉందని స్త్రీలు పోరాడగా 1993లో చట్టం చేసి మరీ పెద్ద అధ్యయనం జరిపించారు. డీడీటీ అనే పురుగుమందు వంటి రసాయనాలకూ ఆ జబ్బుకూ సంబంధం అందులో తేలలేదు. ప్రజలు అడగడం తప్పు కాదు, పటం మీద ఎరుపును చూపి జవాబు ముందే తెలుసునన్నట్టు మాట్లాడటం తప్పు.

తెల్లగా ఉన్న చోట్లను ఎరుపు కంటే ఎక్కువ అనుమానించు. చిత్తూరు వైపు రోగులు వెల్లూరుకు, కుప్పం వారు బెంగళూరుకు, ఆదిలాబాద్ వారు నాగపూర్‌కు వెళతారు. అక్కడి ఆసుపత్రుల కాగితాలు నీకు అందకపోతే ఆ మండలాలు ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపిస్తాయి. ఏజెన్సీలో బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష) దాకా రాకుండానే చనిపోయినవారి సంగతి చెప్పనక్కరలేదు. సమాచారం అందని మండలాన్ని లేతరంగుతో కాక గీతలతో నింపు.

నివారణ విషయంలో నీ పటం వెంటనే పనికివచ్చే చోటు ఒకటుంది. ఎవరికి జబ్బు వచ్చిందన్నది కాక, ఎవరు ఏ దశలో ఆసుపత్రికి వచ్చారన్నది మండలాల వారీగా గుర్తించు. ముప్పై దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల పరీక్ష ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. జబ్బు ముదిరి మూడు, నాలుగు దశల్లో వస్తున్నవారు ఎక్కువగా ఉన్న పీహెచ్‌సీల (ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల) జాబితాను జిల్లా వైద్యాధికారికి ఇస్తే, శిబిరం ఎక్కడ పెట్టాలన్న ప్రశ్నకు ఆయనకు అది చాలు. కారణం తెలియకపోయినా ఈ పని ఆగదు. రేడియేషన్ కేంద్రానికి దూరాన్ని సరళరేఖలో కొలవకు, బస్సు ప్రయాణ కాలంలో కొలువు. వారానికి అయిదు రోజుల చొప్పున అయిదారు వారాలు చికిత్సకు రావలసిన మనిషికి పాడేరు ఘాట్ రోడ్డు కాగితం మీది కిలోమీటర్లకంటే చాలా పొడవు.

చివరిగా, రోగుల ఇళ్లను చుక్కలుగా పెట్టిన పటాన్ని ఆఫీసు బయటికి పోనివ్వకు, పేరు లేకపోయినా సరే. నలభై ఇళ్ల తండాలో ఒక చుక్క ఎవరిదో అందరికీ తెలుస్తుంది, ఆ ఇంటి పిల్ల పెళ్లి సంబంధం దాకా ఆ సంగతి పోతుంది. బయటికి ఇచ్చేది మండల పటమే కావాలి, అందులోనూ అయిదుకు తక్కువ కేసులున్న చోట అంకె వేయవద్దు. గ్రామ కోడుల పట్టిక తయారైన తరువాత ఒక ప్రతి నాకు పంపించు, నీకు తెలియని పాత మండలాల పేర్లు నేను సరిచూసి పంపుతాను.

ఇట్లు,
నీ మేలు కోరే మాస్టారు