టెక్ సందేహాలు: గిట్‌లో ఖాళీ ఫోల్డర్లు ఎందుకు మాయమవుతాయి?

ప్రశ్న: మా ప్రాజెక్టులో లాగ్స్, అప్‌లోడ్స్ అని రెండు ఖాళీ ఫోల్డర్లున్నాయి. గిట్‌హబ్‌కి పుష్ చేస్తే అవి అక్కడికి వెళ్లలేదు. సర్వర్‌లో క్లోన్ చేసి యాప్ నడిపితే ఫోల్డర్ లేదంటూ ఆగిపోతోంది. ఏం చేయాలి?

జవాబు: మీ పుష్‌లో తప్పేమీ లేదు. కోడ్‌లో మార్పుల చరిత్రను దాచే టూల్ గిట్. దాని ఇండెక్స్‌లో, అంటే తర్వాతి కమిట్‌కి (నమోదుకి) సిద్ధం చేసిన జాబితాలో, ఉండేవి ఫైళ్ల పాత్‌లే. ఫైలు ఉంటే, దాన్ని పెట్టడానికి చెకౌట్‌లో (గిట్ ఫైళ్లను డిస్క్ మీదికి తెచ్చేటప్పుడు) ఫోల్డర్ దానంతటదే తయారవుతుంది. ఫైలే లేకపోతే గిట్ స్టేటస్‌లో కూడా ఆ ఫోల్డర్ ఊసుండదు. గిట్ లాంటి మరో టూల్ మెర్క్యూరియల్‌దీ ఇదే పద్ధతి. అలాంటిదే అయిన సబ్‌వర్షన్ మాత్రం ఫోల్డర్‌ని కూడా నమోదు చేస్తుంది.

చాలామంది ఫోల్డర్‌లో డాట్ గిట్‌కీప్ అనే ఖాళీ ఫైలు పెడతారు. ఆ పేరుకి గిట్ దగ్గర ప్రత్యేక గుర్తింపేమీ లేదు, ఏ ఫైలు పెట్టినా పని జరుగుతుంది. కానీ రేపు లాగ్ ఫైళ్లు వచ్చాక ‘గిట్ యాడ్ డాట్’ కొడితే అవి కూడా కమిట్‌లోకి వెళ్లిపోతాయి. అందుకే ఆ రెండు ఫోల్డర్లలోనూ చెరో డాట్ గిట్‌ఇగ్నోర్ ఫైలు (గిట్ వేటిని పట్టించుకోకూడదో చెప్పే జాబితా) పెట్టడం మేలు. అందులో రెండే లైన్లు: మొదటి దాంట్లో స్టార్ గుర్తు (*), రెండో దాంట్లో ఆశ్చర్యార్థకం (!), దాని పక్కనే ఖాళీ వదలకుండా డాట్ గిట్‌ఇగ్నోర్ పేరు. స్టార్ అంటే అన్నిటినీ వదిలేయమని, ఆశ్చర్యార్థకం అంటే ఈ ఒక్క ఫైలుకి మినహాయింపని. ఫోల్డర్ రిపోలో (గిట్ దాచే ప్రాజెక్టులో) ఉంటుంది, లోపల పడే ఫైళ్లు ఉండవు.

ఎక్కువమంది ఇరుక్కునేది ఇక్కడే. ప్రాజెక్టు రూట్‌లోని డాట్ గిట్‌ఇగ్నోర్‌లో ముందే ‘లాగ్స్/’ అని ఉంటే గిట్ ఆ ఫోల్డర్ లోపలికే చూడదు, మీరు పెట్టిన మినహాయింపు దాని కంట పడదు. రూట్‌లోని ఆ లైన్ తీసేయండి, అప్‌లోడ్స్‌కి ఉన్నా అంతే. ఏ నియమం అడ్డుపడుతోందో తెలియకపోతే ‘గిట్ చెక్-ఇగ్నోర్ -వి’ కమాండ్‌కి ఫైలు పాత్ ఇవ్వండి. ఏ ఫైలులో, ఎన్నో లైన్లో ఉందో చూపిస్తుంది.

లాగ్స్ విషయంలో మాత్రం నేను రిపో మీద ఆధారపడవద్దనే అంటాను. యాప్ మొదలవగానే కోడే ఫోల్డర్ తయారుచేసుకోవాలి. పైథాన్‌లో ఓఎస్ డాట్ మేక్‌డిర్స్‌కి ‘ఎగ్జిస్ట్ ఓకే’ ట్రూ అని ఇవ్వండి, షెల్ స్క్రిప్టులో ‘ఎమ్‌కెడిర్ -పి’ చాలు. ఫోల్డర్ ముందే ఉన్నా ఎర్రర్ రాదు, ఎవరైనా పొరపాటున తుడిచేసినా మళ్లీ వస్తుంది.

అప్‌లోడ్స్‌కి ఇంకో సంగతి. ఫోల్డర్ పర్మిషన్లను గిట్ నమోదు చేయదు. వెబ్ సర్వర్ యూజర్‌కి అందులో రాసే అనుమతిని డిప్లాయ్ స్క్రిప్టులోనే (యాప్‌ని సర్వర్‌లో పెట్టే స్క్రిప్టులో) ఇవ్వాలి.