ఏకస్తర్ పగార్ చూసి ఇంటి లోన్ ఎంత తీసుకోవాలి?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరోంచా. 2017 నుంచి మహారాష్ట్ర ప్రభుత్వ కార్యాలయంలో లిపిక్‌గా (గుమాస్తాగా) చేస్తున్నాను. ఏకస్తర్ (ఈ ప్రాంతంలో పనిచేసినందుకు ఇచ్చే పై మెట్టు పగార్) వల్ల మూలవేతనం 32,300. పత్‌సంస్థ (సహకార పరపతి సంఘం) అప్పు కిస్తీ 4,500తో సహా కోతలన్నీ పోగా చేతికి 45 వేలు వస్తున్నాయి. మా నాన్న ఇచ్చిన జాగాలో ఇల్లు కట్టడానికి బ్యాంకు 25 లక్షలు ఇస్తానంటోంది. పాప చదువు కోసం రెండేళ్లలో నాగ్‌పూర్ బదిలీ అడగాలని ఉంది. మా ఆయన కౌలుకు మిర్చి వేస్తారు. లోన్ తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోవచ్చమ్మా, కానీ 25 లక్షలు వద్దు. కారణం మీ ఉత్తరంలోనే ఉంది. లోన్ ఒక వాక్యంలో రాశారు, బదిలీ ఇంకో వాక్యంలో రాశారు. ఆ రెండింటినీ ఒకే కాగితం మీద పెట్టి చూడలేదు.

ఏకస్తర్ సంగతి గోదావరి అవతలి మన పాఠకులకు తెలియకపోవచ్చు. ఆదివాసీ, నక్సల్ ప్రభావిత ప్రాంతాల్లో పనిచేసేవాళ్లకు మహారాష్ట్ర ప్రభుత్వం 2002 ఆగస్టు 6 నాటి జీఆర్‌తో (ప్రభుత్వ ఉత్తర్వుతో) ఒక మెట్టు పై హోదా వేతనశ్రేణి ఇస్తోంది. దానికి తోడు మూలవేతనంలో 15 శాతం ప్రోత్సాహక భత్యం, అది 1,500 దాటదు. (ఆలాపల్లి నుంచి సిరోంచా రోడ్డు మీద ఒక్కసారి బస్సులో వచ్చినవాళ్లు ఆ 1,500 ఎందుకని అడగరు.) లిపిక్ అసలు శ్రేణి ఎస్-6, అంటే 19,900తో మొదలు. ఒక మెట్టు పై హోదాకు ఇచ్చే శ్రేణి ఎస్-8, 25,500తో మొదలు. మీరు ఎస్-8లో ఉన్నది పదోన్నతి వచ్చి కాదు, సిరోంచాలో ఉన్నందుకు. ఆ ప్రాంతం దాటిన రోజు మళ్లీ ఎస్-6కే వెళ్తారు.

2017 నుంచి ఏటా ఒక ఇంక్రిమెంటు చొప్పున వేతన పట్టికలో కిందికి జరుపుకుంటూ వస్తే ఎస్-6లో మీ స్థానం ఇప్పుడు 25,200. మూలవేతనంలోనే 7,100 తేడా. కరువు భత్యం 55 శాతం అనుకుంటే దాని మీద ఇంకో 3,905 పోతుంది. ప్రోత్సాహక భత్యం 1,500 కూడా పోతుంది. నాగ్‌పూర్‌లో ఇంటి అద్దె భత్యం శాతం సిరోంచాకు రెట్టింపు కాబట్టి అక్కడ కొంత కలిసొస్తుంది. ఎన్‌పీఎస్ (జాతీయ పెన్షన్ పథకం) కోత కూడా కాస్త తగ్గుతుంది. ప్రయాణ భత్యం లాంటి చిల్లర పక్కన పెట్టి అన్నీ వేసి తీస్తే చేతికొచ్చేది నెలకు సుమారు 9,600 తగ్గుతుంది. ఇప్పటి 45 వేలు అప్పుడు 35 వేల చిల్లర అవుతుంది.

25 లక్షలకు ఇరవై ఏళ్లు, 8.5 శాతం వడ్డీ అనుకుంటే కిస్తీ 21,700. నాగ్‌పూర్‌లో అద్దె తక్కువలో తక్కువ 9 వేలు వేసుకోండి. మిగిలేది ఐదు వేల లోపు. అందులోనే పప్పూ ఉప్పూ, పాప ఫీజు, మీ అమ్మానాన్నల మందులు. బ్యాంకు వాళ్లను తప్పుపట్టడానికి లేదు. వాళ్లు చూసేది ఈ నెల పగార్ స్లిప్పు. అందులో బదిలీ అర్జీ కనిపించదు.

నా లెక్కలో మీకు తగిన లోన్ 15 లక్షలు. కిస్తీ 13 వేలు, అంటే నాగ్‌పూర్‌లో చేతికొచ్చే 35 వేల చిల్లరలో మూడో వంతు కంటే కాస్త ఎక్కువ. కింద రెండు గదులు, వంటిల్లు వేసి ఆపండి, పై అంతస్తు తర్వాత చూసుకోవచ్చు. అంతకంటే ముందు, వచ్చే నెల నుంచే ఆ 9,600 లేనట్టు బతకడం మొదలుపెట్టండి. ఇప్పటి 4,500 కిస్తీకి తోడు ఆ డబ్బు కూడా పత్‌సంస్థ బాకీకి కట్టండి. బాకీ లక్ష లోపే ఉంటే ఎనిమిది నెలల్లో తీరిపోతుంది. పత్‌సంస్థ కోత పగార్ చేతికి రాకముందే పోతుంది కాబట్టి అది ఉన్నంతకాలం ఇంకే కిస్తీకీ ఊపిరాడదు. అది తీరాక అదే మొత్తాన్ని పోస్టాఫీసు ఆర్‌డీలో వేయండి. ఏకస్తర్ లేని పగార్‌తో ఇల్లు గడుస్తుందో లేదో బదిలీకి ముందే తెలిసిపోతుంది. గడవకపోతే బదిలీ సంగతే మళ్లీ ఆలోచించుకోవచ్చు.

ఆఫీసులో ఒక పని చేయించుకోండి. ఏకస్తర్ లేకుండా మీ మూలవేతనం ఎంతో ఆస్థాపన విభాగం (ఉద్యోగుల పగార్, సర్వీసు చూసే విభాగం) వాళ్లచేత కాగితం మీద వేయించండి. నేను వేసింది అంచనా, వాళ్లు వేసేదే చెల్లుతుంది. బదిలీ అయ్యాక పాత పగారే రెండు మూడు నెలలు వస్తే పండగ చేసుకోకండి, తర్వాత రికవరీ పెడతారు, అంటే ఎక్కువిచ్చింది తిరిగి కోసుకుంటారు. మీలాంటి మూడో తరగతి (క్లాస్-3) ఉద్యోగుల నుంచి రికవరీ కూడదని 2014లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ ఎక్కువ వస్తే తిరిగిస్తానని హామీపత్రం రాసిచ్చిన అధికారి కేసులో 2016లో అదే కోర్టు రికవరీ సబబేనంది. మీరు ఏమేం సంతకాలు పెట్టారో సర్వీసు బుక్కులో చూసుకోండి.

ఎనిమిదో వేతన సంఘం వస్తే కిస్తీ తేలికవుతుందని అంటున్నారట మీవాళ్లు. ఏడోది 2016 జనవరి నుంచి వర్తించినా మహారాష్ట్ర ఉద్యోగుల చేతికి కొత్త పగార్ వచ్చింది 2019లో. బకాయిలు ఐదు వాయిదాల్లో ఇచ్చారు. కాబట్టి అది లెక్కలో వేసుకోకండి, వచ్చినప్పుడు చూద్దాం. పదోన్నతి రాకపోయినా పదేళ్ల సర్వీసుకు వచ్చే పై వేతనశ్రేణి, అంటే ఆశ్వాసిత్ ప్రగతి మాత్రం ఎక్కడికి వెళ్లినా మీదే. దానితోనూ ఇప్పటి 32,300 స్థాయి వెంటనే రాదు.

సిరోంచాలో ఉన్నందుకు మీకు శాశ్వతంగా మిగిలేది ఒకటుంది. ఎన్‌పీఎస్‌లో మీ వాటా 10 శాతం, సర్కారు వాటా 14 శాతం. రెండూ మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తం మీదే పడతాయి. ఏకస్తర్ వల్ల నెలకు 2,600 పైచిలుకు అదనంగా మీ ఖాతాలో చేరుతోంది. బదిలీ అయినా అది వెనక్కి పోదు.

ఇక మిర్చి. ధర పలికిన ఏడు వచ్చిన డబ్బును లోన్ అసలుకు కట్టండి. ఫ్లోటింగ్ వడ్డీ ఇంటి లోన్‌కు ముందుగా కడితే జరిమానా ఉండదు. మామూలుగా నేను అందరికీ కిస్తీ అలాగే ఉంచి ఏళ్లు తగ్గించమని చెబుతాను. మీకు మాత్రం, బదిలీ తేలేదాకా, ఏళ్లు అలాగే ఉంచి కిస్తీ తగ్గించమని బ్యాంకులో రాసివ్వమంటాను.