పొట్ట కోయకుండా క్లోమం పక్కన చేరిన నీరు తీయొచ్చా?

ప్రశ్న: మా అన్నయ్యకు 44 ఏళ్లు. రెండు నెలల క్రితం పాంక్రియాటైటిస్ (క్లోమం వాపు) వచ్చి పది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు. ఇప్పుడు నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోతోంది, వాంతులవుతున్నాయి. స్కానింగ్‌లో క్లోమం పక్కన 11 సెంటీమీటర్ల నీటితిత్తి ఉందన్నారు. కోత లేకుండా, నోట్లోంచి గొట్టం వేసి తీస్తారట. అలా పూర్తిగా పోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది. - ఓ సోదరి, ఖమ్మం

జవాబు: చాలామందికి పోతుందమ్మా. క్లోమం వాచినప్పుడు జీర్ణరసాలు బయటికి కారి పక్కన చేరతాయి. శరీరమే వాటి చుట్టూ గోడ కడుతుంది. అది గట్టిపడటానికి నాలుగు వారాలైనా పడుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు గుచ్చితే ప్రమాదం. మీ అన్నయ్యకు ఆ గడువు దాటింది. తిత్తి పెద్దదైనంత మాత్రాన తీయాలని లేదు, వాటంతటవే ఇంకిపోయేవీ ఉంటాయి. ఈయనకు అది జీర్ణాశయాన్ని నొక్కుతోంది కాబట్టి తీయించాల్సిందే.

నోట్లోంచి వేసే ఆ గొట్టం (ఎండోస్కోప్) చివర చిన్న అల్ట్రాసౌండ్ ఉంటుంది. దాంతో జీర్ణాశయం గోడ అవతలి తిత్తిని చూస్తూ, రక్తనాళాలు లేని చోట గుచ్చి స్టెంట్ (నీరు పోయేందుకు చిన్న గొట్టం) పెడతారు. లోహపు స్టెంట్ అయితే దారపు రీలులా ఉంటుంది, రెండు చివరలా వెడల్పు, నడుమ సన్నం. తిత్తిలోని నీరు దాని గుండా జీర్ణాశయంలోకి జారిపోతుంది. ఈ స్టెంట్‌ను మూడు నాలుగు వారాల్లో తీయించుకోవాలి. బాగానే ఉంది కదా అని చాలామంది మళ్లీ రారు. తిత్తి ముడుచుకున్నాక స్టెంట్ అంచు రక్తనాళానికి ఒరుసుకుంటే లోపల రక్తం పోతుంది.

డాక్టర్‌ను ఒకటి అడగండి: లోపలున్నది నీరేనా, చచ్చిన కణజాలం ముక్కలు కూడా ఉన్నాయా? ఇది సీటీ కన్నా ఎంఆర్ఐలో బాగా తెలుస్తుంది. ముక్కలుంటే ఒక్కసారితో అయిపోకపోవచ్చు. అదే స్టెంట్ దారిలో మళ్లీ లోపలికెళ్లి తీస్తారు, లేదా నడుము పక్కనుంచి గొట్టం వేస్తారు. అదీ చాలకపోతే ఆ గొట్టం వెంటే కీహోల్ సర్జరీ (చిన్న రంధ్రంతో చేసే ఆపరేషన్). ఒకప్పుడు ఇలాంటివాళ్లకు పొట్టంతా తెరిచేవాళ్లం. 2010లో వెలువడిన నెదర్లాండ్స్ అధ్యయనంలో, ముందు గొట్టం వేసి చూసినవారిలో 35 శాతం మందికి దాంతోనే సరిపోయింది, ముక్కలు తీసే ఆపరేషన్ అవసరమే రాలేదు.

జబ్బు ఎందుకొచ్చిందో మీరు రాయలేదు. పిత్తాశయంలో రాళ్ల వల్లయితే ల్యాప్రోస్కోపీ గురించి కూడా అడగండి, ఒకే మత్తులో తిత్తి నీరు తీయడం, పిత్తాశయం తొలగించడం రెండూ అయిపోవచ్చు. మందు వల్లయితే మాత్రం ఇకపై ఒక్క పెగ్గు కూడా వద్దు, సిగరెట్ కూడా. ఈలోగా చలిజ్వరం వచ్చినా, మలం తారులా నల్లగా వచ్చినా, కడుపునొప్పి ఒక్కసారిగా పెరిగినా అపాయింట్‌మెంట్ తేదీ కోసం ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.