"మాద్రే" అనడానికి ముందు

తమ్ముడూ,

కథ రెండుసార్లు చదివాను. మఠం వర్ణన బాగుంది. మూడో పేజీకొచ్చేసరికి ఒళ్లు మండింది. చెవిటి పిల్లలకి మాటలు నేర్పిన సన్యాసి పెద్రో పోన్సే ప్రార్థన ముగించగానే పుట్టుచెవిటి పిల్లాడు "అమ్మా" అన్నాడా? అది స్పెయిన్‌లోని ఓన్యా మఠం. వాడు అనాల్సింది స్పానిష్‌లో "మాద్రే".

ఆ మాట ఒకసారి నోట్లో తిప్పి చూడు. "మ" పెదాల మీద కనిపిస్తుంది, కానీ "ప", "బ" కూడా అచ్చం అలాగే కనిపిస్తాయి. తేడా పట్టుకోవాలంటే గురువు ముక్కు పక్కన వేలు ఆనించాలి. "మ" అన్నప్పుడే అక్కడ అదురుతుంది. "ద"కి నాలుక కొస కాస్తయినా కంటపడుతుంది, "ర" మాత్రం పూర్తిగా లోపలి వ్యవహారం. అన్నిటికంటే ముందు గొంతు పలకాలి. పెదాలు సరిగ్గా కదిపినా వట్టి గాలే రావచ్చు, వాడికా తేడా వినపడదు. అందుకే 1692లో ఈ విద్య మీద పుస్తకం వేసిన అమ్మాన్ అనే డాక్టరు, తన గొంతు మీద చెయ్యి వేయించి, తర్వాత పిల్లల చెయ్యి వాళ్ల గొంతు మీదే పెట్టించి, ఎదురుగా అద్దం ఉంచేవాడు.

పోన్సే రాతతో మొదలుపెట్టాడు. వస్తువు చూపించి పేరు రాయించాక గానీ నాలుక కదలికల జోలికి పోలేదు. నీ కథలో పలకా లేదు, కలమూ లేదు! పైగా ఆయన చేతికి తోలు నాలుక ఇచ్చావు. నోటి చీకట్లో నాలుక ఎలా వంగుతుందో చేత్తో వంచి చూపించే ఆ సాధనం, ఇదే విద్య మీద బోనెట్ అనే ఆయన రాసిన 1620 పుస్తకంలోది. పోన్సే 1584లోనే పోయాడు.

బోనెట్ అసలు గొడవ అక్షరాల పేర్లతో. స్పానిష్‌లో "మ్" పేరు "ఎమే". పేరు నేర్పితే పిల్లాడు "మా" అనడు, "ఎమేఆ" అంటాడు. కాబట్టి పేరు వదిలి పొల్లు ధ్వని మాత్రమే నేర్పమన్నాడు. ఇంతా చేసి, లూయిస్ దె వెలాస్కో అనే చెవిటి పిల్లాడికి ఏళ్ల తరబడి కూర్చుని నేర్పిన రమీరెజ్ దె కారియోన్ పేరు పుస్తకంలో ఎత్తలేదు. పేరు పడేవాడు ఎప్పుడూ వేరేలే.

ఇదంతా పెడితే సంపాదకులు కత్తెరేస్తారంటావా? వేస్తారు. వాళ్లకి రెండో పేజీలోపే కన్నీళ్లు కావాలి. ఏ పత్రికకి పంపాలన్న సంగతి తర్వాత. ముందు మూడో పేజీ తిరగరాయి. "ర" దగ్గర పిల్లాడు విసిగిపోయి గురువు చెయ్యి తోసేసే చోట ఆపినా నాకిష్టమే.